బాయిమీద: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో బొగ్గుగని ముఖద్వారం – చరిత్ర, పదజాలం

వ్యాససంగ్రహం

బొగ్గుగని అనగానే సాహిత్యంలోనూ చరిత్రలోనూ భూగర్భమే ముందుకు వస్తుంది. గనిలోకి దిగే ముఖద్వారం, దాని చుట్టూ ఉన్న మస్టరు గది, లాంపు గది, హాలేజి ఇంజను గది, ఫ్యాన్ హౌజు, గుడి, గేటు నేపథ్యంగానే మిగిలిపోయాయి. ఇల్లెందు, కొత్తగూడెం ప్రాంతాల గనుల ఉపరితలాన్ని ఈ వ్యాసం చారిత్రక ఆధారంగా స్వీకరించి పరిశీలిస్తుంది. కార్మికుల వాడుకలో ఈ చోటుకు ‘బాయిమీద’ అని పేరు. అక్కడి పదజాలంలో పాలనకు ఉర్దూ, యంత్రానికి ఇంగ్లీషు, దిగే మనిషికి తెలుగు అన్న పొరలు కనిపిస్తాయి. వ్యవసాయ సమాజం ఒక కొత్త పరిశ్రమను తన పాత అనుభవంతో అర్థం చేసుకొన్న తీరును ఆ పొరలు తెలుపుతాయి. భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు విస్తరిస్తున్న దశలో ఈ కట్టడాలతో పాటు ఆ పదజాలం కూడా నమోదు కాకుండా పోయే స్థితి ఉన్నదని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, ఇల్లెందు, కొత్తగూడెం, బాయి, ఖని, ఇంక్లయిన్, లాంపు గది, మస్టరు, మైసమ్మ, వృత్తిపదజాలం.

1. ప్రవేశిక

తెలుగులో వృత్తిపదజాల సేకరణకు మంచి సంప్రదాయమే ఉంది. వ్యవసాయం, చేనేత, లోహపు పనులు, వాస్తు వంటి వృత్తుల పదాలకు కోశాలు వెలువడ్డాయి. నూటముప్పై ఏళ్ళకు పైబడిన చరిత్ర గల బొగ్గుగని పనికి ఆ స్థాయి శ్రద్ధ దక్కలేదు. అందుకు కారణాన్ని ఊహించడం కష్టం కాదు. కులవృత్తి తరతరాల వాడుకతో పదజాలాన్ని కూడబెట్టుకొంటుందనీ, పరిశ్రమ పదజాలం మొత్తం అరువు తెచ్చుకొన్నదేననీ ఒక అభిప్రాయం పరిశోధకులలో పాతుకొని ఉంది. సింగరేణి కార్మికుల మాటను దగ్గరగా చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. అరువు తెచ్చుకొన్న మాటలు అక్కడ చాలానే ఉన్నాయి. అయితే ఏ మాటను ఎక్కడ వాడాలన్న ఎంపిక కార్మిక సమాజానిదే. ఆ ఎంపికలో చరిత్ర ఉంది.

ఈ ఎంపిక స్పష్టంగా కనబడేది గని లోపల కాదు, గని పైన. లోపల పని మారుతూ ఉంటుంది. పాత గాలరీలు కూలిపోతాయి, నీటితో నిండుతాయి, ఇసుకతో పూడుతాయి. పైన ఉన్న కట్టడాలు మాత్రం దశాబ్దాల పాటు ఒకేచోట నిలిచి, ప్రతి షిఫ్టుకూ వందలమందిని దింపి, ఎక్కించుకొంటాయి. చట్టం కూడా ఈ పైభాగాన్ని గనిలో భాగంగానే చూస్తుంది. 1952 నాటి గనుల చట్టం ‘గని’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గని ఆవరణలోని వర్క్‌షాపులు, సామగ్రి గోదాములు కూడా చేరాయి. ‘గని కార్యాలయం’ అంటే గని ఉపరితలంపై ఉన్న కార్యాలయమేనని అదే చట్టం వేరుగా చెప్పింది. కాబట్టి ఉపరితలాన్ని గనికి బయటి విషయంగా భావించడానికి ఆస్కారం లేదు.

2. పొయ్యిరాళ్ళ కథ, రైలుదారి, కంపెనీ

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు బయటపడటం గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి ఉంది. భద్రాచల యాత్రకు కాలినడకన పోతున్న భక్తులు అడవిలో మజిలీ చేసి, దొరికిన నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చి వంట మొదలుపెట్టగా, కట్టెలతో పాటు రాళ్ళు కూడా మండాయన్నది ఆ కథ సారాంశం. దీనికి చారిత్రక ప్రామాణ్యం ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఈ కథ బొగ్గును భద్రాద్రి రాముని దారిలో నిలిపింది. గనికి ముందే అక్కడ ఒక బాట ఉన్నదనీ, ఆ బాట మీద జనం నడిచారనీ అది గుర్తుచేస్తుంది. ఇల్లెందుకు ‘బొగ్గుట్ట’ అన్న పేరు కూడా వాడుకలో ఉండటం, బొగ్గు నేలపైనే కంటికి కనిపించే గుట్టగా జనస్మృతిలో నిలిచినదనడానికి సూచన.

అధికారిక చరిత్రలో ఆవిష్కర్త వేరు. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1870ల తొలినాళ్ళలో ఈ ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. ఆయన పేరుమీదనే ప్రధానమైన పొరకు ‘కింగ్ సీము’ అన్న పేరు స్థిరపడింది. ‘క్వీన్ సీము’ అన్న పేరు కూడా వాడుకలోకి వచ్చింది. పేరు పుట్టుక తెలియని వారికి ఇవి రాజు, రాణి. తెలిసినవారికి మొదటిది ఒక ఉద్యోగి ఇంటిపేరు.

1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నిజాం ప్రభుత్వం నుంచి గనుల హక్కులు పొందింది. ఈ హక్కుల మంజూరు, వాటాల అమ్మకాల చుట్టూ లేచిన వివాదం ఎంత పెద్దదంటే, 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. అడవిలో ఇంకా తవ్వకం సరిగా మొదలు కాకముందే గని లండన్‌లో చర్చనీయాంశమైందన్నమాట. 1889 నుంచి బొగ్గు ఉత్పత్తి మొదలైంది. దాదాపు అదే కాలంలో నిజాం రైల్వే డోర్నకల్ నుంచి ఇల్లెందుకు శాఖను వేసింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, పాత కంపెనీ ఆస్తులను, అప్పులను తన చేతిలోకి తీసుకొంది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ నియంత్రణ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. నేడు తెలంగాణ ప్రభుత్వం 51 శాతం, కేంద్రం 49 శాతం వాటాదారులు.

ఇక్కడ స్థలనామాల విషయం ఒకటి గమనించదగినది. సింగరేణి అన్నది కారేపల్లి దగ్గరి గ్రామం పేరు. తొలి గనులు నడిచినది ఇల్లెందులో. ఇల్లెందు రైల్వేస్టేషన్ పేరు మాత్రం ‘సింగరేణి కాలరీస్’. కొత్తగూడెం స్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. భద్రాచలం ఆ స్టేషన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరాన, గోదావరికి ఆవలి ఒడ్డున ఉంది. పైగా ఆ రోజులలో భద్రాచలం నిజాం రాజ్యంలోనిది కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో అది 1959లో గాని కలవలేదు. బొగ్గు కోసం వేసిన రైలుదారి తన స్టేషన్లకు గని ఉన్న ఊళ్ళ పేర్లు పెట్టలేదు. ఒకదానికి కంపెనీ పేరు, మరొకదానికి పుణ్యక్షేత్రం పేరు పెట్టింది. ‘గూడెం’ అన్న మాటలో ఉన్న అడవి ఆవాసం పట్టాలమీద కనబడకుండా పోయింది.

3. బాయి, ఖని, ఇంక్లయిన్

గనిలోకి దిగే మార్గాలు ప్రధానంగా రెండు రకాలు. నిట్టనిలువుగా తవ్వినది షాఫ్టు. నేలపై నుంచి బొగ్గు పొరను అందుకొనేదాకా ఏటవాలుగా తవ్విన సొరంగం ఇంక్లయిన్. కొత్తగూడెం, ఇల్లెందు ప్రాంతాలలో ఇంక్లయిన్ అన్న మాట ఎంతగా పాతుకొన్నదంటే, అది ఊరి పేరైంది. ఇల్లెందులో 21 ఇంక్లయిన్, కొత్తగూడెంలో 3 ఇంక్లయిన్, గోదావరిఖనిలో 8 ఇంక్లయిన్ కాలనీ వంటివి చిరునామాలు. ఈ అంకెలకు అర్థం తెలియని పిల్లలకు కూడా అవి ఊళ్ళే.

కంపెనీ తన గనులకు పెట్టిన పేర్ల పద్ధతి వేరు. వేంకటేశ ఖని, పద్మావతి ఖని, గౌతమ్ ఖని కొత్తగూడెం ప్రాంతానివి. మణుగూరులో ప్రకాశం ఖని, ఇల్లెందులో జవహర్ ఖని, భూపాలపల్లిలో కాకతీయ ఖని, మందమర్రి వైపు రవీంద్ర ఖని, కల్యాణి ఖని. దేవతలు, జాతీయ నాయకులు, కవి, రాజవంశం అందరూ ఈ పట్టికలో ఉన్నారు. వీటన్నిటిలో సమానంగా ఉన్నది ‘ఖని’ అన్న సంస్కృత రూపం. దాని వికృతి అయిన ‘గని’ని కూడా కంపెనీ బోర్డుమీద వాడలేదు. వాడుకలో ఇవి మళ్ళీ వీకే, పీవీకే, పీకే, జేకే అన్న ఇంగ్లీషు పొడి అక్షరాలై, పక్కన ఒక అంకెతో స్థిరపడ్డాయి. వేంకటేశ్వరుడు రెండక్షరాలకు కుదించుకుపోయాడు.

కార్మికుల మాట ఈ రెండూ కాదు. వారిది ‘బాయి’. బొగ్గుబాయి, బాయిపని, బాయిల దిగుడు, బాయిమీద, బాయిదొర అన్నవన్నీ అక్కడి నిత్యవ్యవహారం. బావి అన్న మాటకు తెలంగాణ ఉచ్చారణ బాయి. బావి ‘వాపీ’ శబ్దభవం. వాపి అంటే సంస్కృతంలో మెట్లు దిగి నీరు తెచ్చుకొనే దిగుడుబావి. ఏటవాలుగా నడిచి దిగే ఇంక్లయిన్‌కు ఇంతకంటె దగ్గరి ఉపమానం వ్యవసాయ జీవితంలో లేదు. మోటబావి కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. మోటకొట్టే ఎద్దులు వాలుమీద నడిచి తాటితో బొక్కెనను పైకి లాగుతాయి. ఇంక్లయిన్ నోటి దగ్గర హాలేజి యంత్రం ఇనుపతాడుతో బొగ్గు టబ్బులను వాలుమీదుగా పైకి లాగుతుంది. పనిలోని పోలిక స్పష్టం. కార్మికులు ఈ పోలికను ఆలోచించి పేరు పెట్టారని నిరూపించలేము. అయితే సేద్యం వదిలి వచ్చినవారు లోతుకు దిగి, పైకి తోడుకొనే పనికి తమకు తెలిసిన పేరే పెట్టుకొన్నారని చెప్పడం అతిశయోక్తి కాదు.

‘బాయిదొర’ అన్న మాట ఈ అనువాదంలోని రెండో కోణాన్ని చూపుతుంది. దొర అన్నది జాగీర్ల, దేశ్‌ముఖుల గ్రామీణ అధికారానికి గుర్తు. గని అధికారికి ఆ పేరు పెట్టడంలో గౌరవం ఎంత ఉందో, అధికార స్వభావం మారలేదన్న గుర్తింపు అంతే ఉంది. ఈ విధంగా ఒకే ముఖద్వారానికి మూడు పేర్లు: సంస్థ బోర్డుమీద ఖని, సాంకేతిక పటంమీద ఇంక్లయిన్, మనిషి నోట బాయి.

4. మస్టరు గది, లాంపు గది

గేటు దాటిన కార్మికుడు బాయిల దిగేలోపు ఒక వరుసలో కొన్ని చోట్లకు పోవాలి. మొదటిది మస్టరు. హాజరు వేయించుకొంటేనే ఆ రోజు ఉన్నట్టు. మస్టరు ఇంగ్లీషు మాట. సైన్యంలో హాజరు పరిశీలనకు వాడిన ఈ మాట గనిలో రోజుకు, రోజుకూలికి, చివరకు ఒక మనిషి సేవాకాలానికి కొలమానమైంది. ‘ఈ ఏడు ఎన్ని మస్టర్లు చేసినవ్?’ అన్న ప్రశ్న పనిదినాల సంఖ్యను మాత్రమే అడగదు. సెలవుకు అర్హత ఉందా, ఉద్యోగం నిలుస్తుందా అని కూడా అడుగుతుంది. 1952 చట్టం ప్రకారం సంవత్సరంలో భూగర్భంలో 190 హాజర్లు, ఇతర పనులలో 240 హాజర్లు ఉంటే ఏడాది సేవ పూర్తయినట్టు లెక్కించేవారు. వేతనంతో కూడిన సెలవు భూగర్భంలో 15 రోజులకు ఒకటి, ఉపరితలంలో 20 రోజులకు ఒకటి చొప్పున ఉండేది. లోపలి రోజూ బయటి రోజూ సమానం కావని చట్టమే లెక్కగట్టింది. ఆ రెండు లెక్కలకు నడుమనున్న గీత గని ముఖద్వారమే.

హాజరుకు వ్యతిరేకపదం ఇక్కడ ‘నాగా’. ఇది ఉర్దూ ద్వారా వచ్చింది. హాజరు, నాగా, బదిలీ, మజ్దూర్, సర్దార్, ఖలాసీ వంటి మాటలు ఉర్దూ పాలనాభాష నుంచి, ఉత్తరాది గనుల వాడుక నుంచి చేరినవి. మనుషులను లెక్కించడం, వరుసలో పెట్టడం, పైన ఒక పెద్దను నియమించడం అన్న పనులకు ఈ పదాలు అమరాయి. ‘బదిలీ’ విషయంలో అర్థం మారింది. సాధారణ తెలుగులో బదిలీ ఒక చోటి నుంచి మరో చోటికి మార్పు. గనిలో బదిలీ కార్మికుడంటే రానివాడి స్థానంలో పని దొరికేవాడు. రోజూ గేటు దగ్గరికి వచ్చి, ఎవరు నాగా చేశారో చూసుకొని, తనకు పని ఉందో లేదో తెలుసుకొనే మనిషి. ఒకరి నాగా మరొకరి హాజరు కావడం ఆ వాకిలిలో నిత్యం జరిగిన వ్యవహారం.

తరువాతిది లాంపు గది. తలకు కట్టుకొనే దీపాన్ని, దాని బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి, షిఫ్టుకు ఇచ్చి, షిఫ్టు ముగిశాక తిరిగి తీసుకొనేది ఇక్కడే. ఈ గదికి కనబడే పని వెలుతురు ఇవ్వడం. కనబడని పని లెక్క. తీసుకొన్న దీపం తిరిగి రాకపోతే దానిని తీసుకొన్న మనిషి కూడా పైకి రానట్టే. భూగర్భంలో ఏ క్షణాన ఎవరెవరు ఉన్నారో తెలిపే రిజిస్టరు ఉండాలని చట్టం నిర్దేశించింది. ప్రమాదం జరిగిన నాడు ఈ కాగితమే మొదటి ఆధారం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. ఇటువంటి ఘటనలలో లోపలున్నవారి పేర్లు పైకి తెలిసేది హాజరు పుస్తకం వల్ల, తిరిగిరాని దీపాల వల్ల. ఆ నాడు లాంపు గది గోడ మీది ఖాళీ కొక్కెం ఒక ఇంటికి సంబంధించిన వార్త అవుతుంది.

గోడల మీది రాతలు కూడా ఈ వాకిలిలో భాగమే. చట్టం, నియమావళుల సంగ్రహాలను గని దగ్గర ఇంగ్లీషులోనూ నిర్దేశించిన ఇతర భాషలలోనూ ప్రదర్శించాలన్నది నిబంధన. భద్రతా నినాదాలు, హెచ్చరికలు తెలుగులో ఉంటాయి. అక్షరం నేర్వకుండా పనికి వచ్చిన తొలితరాలకు అవి చదివించుకొనే గోడలు. తరువాతి తరాలకు చదివే గోడలు. తెలుగులో పారిశ్రామిక భద్రతాభాష ఎలా రూపొందినదో చూడదలచినవారికి గ్రంథాలయాల కంటే ఈ గోడలు ముఖ్యమైన ఆకరం. అయితే ఏటేటా కొత్త సున్నం వేసి, పాత రాతను చెరిపే అలవాటు వల్ల ఈ ఆకరంలో పొరలు మిగలడం లేదు.

5. యంత్రాల ఇండ్లు, అడవి కలప

లెక్కకు సంబంధించిన గదులను దాటితే యంత్రాల ఇండ్లు వస్తాయి. హాలేజి ఇంజను గది ఇంక్లయిన్ నోటికి ఎదురుగా, తాడు తిన్నగా సాగేటట్టు కట్టి ఉంటుంది. గనిలోని చెడుగాలిని లాగి పారవేసే ఫ్యాన్ హౌజు రెండో మార్గం దగ్గర ఉంటుంది. మందుగుండు నిల్వ చేసే మ్యాగజీను ఇతర కట్టడాలకు దూరంగా ఉంటుంది. బొగ్గు వెలికితీసిన ఖాళీలను నింపే పద్ధతి ఉన్న గనులకు ఇసుక బంకరు అదనం. వర్క్‌షాపు, టబ్బుల మరమ్మతు చోటు, బొగ్గును జల్లించే స్క్రీన్లు, కాంటా, రైలు సైడింగు మిగిలినవి. ఏ కట్టడమూ అందం కోసం ఉన్నచోట లేదు. తాడు, గాలి, నీరు, మందుగుండు అనే నాలుగింటి అవసరం వాటి స్థానాలను నిర్ణయించింది.

చట్టం ఇక్కడ కూడా చేరింది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు గనికి కనీసం రెండు వెలుపలి మార్గాలుండాలనీ, వాటి మధ్య దూరం 13.5 మీటర్లకు తగ్గరాదనీ చెప్పాయి. నీరు లోపలికి దిగగల ముఖద్వారపు అతి తక్కువ ఎత్తు అక్కడి గరిష్ఠ వరదమట్టానికి కనీసం 1.5 మీటర్లు పైన ఉండాలని కూడా నిర్దేశించాయి. గోదావరి, దాని వాగుల పరీవాహకంలో ఉన్న ఈ గనులకు ఈ రెండో నిబంధన విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గని నోరు చుట్టూ ఉన్న ఎత్తు గట్టు అందంగా కట్టిన అరుగు కాదు. వానకాలపు వాగుకు ఎదురు నిలిచిన హద్దు.

ఈ చోట పదజాలం దాదాపు ఇంగ్లీషు: హాలేజి, టబ్బు, ఫ్యాన్, సీము, డిప్పు, రైజు, లెవెలు. యంత్రాలు, దిక్కులు, కొలతలు ఇంగ్లీషుతోనే వచ్చాయి. పేర్లు మార్చుకొనే అవసరం కార్మికులకు కలగలేదు. అయితే శరీరంతో చేసే పని దగ్గరకు రాగానే మాట మారుతుంది. టబ్బులో బొగ్గు నింపేవాడు అధికారిక రికార్డులో ‘కోల్ ఫిల్లరు’. అతని చేతిలో ఉన్నవి తట్ట, చెమ్మస్. చెమ్మస్ అంటే ఇక్కడ బొగ్గు ఎత్తే పార. యంత్రాలు రాకముందరి పనివిధానానికి ‘తట్టా చెమ్మస్’ అన్న జంటపదమే నేటికీ గుర్తు. ఇంగ్లీషు పేరు జీతం పట్టీలోనే ఉండిపోయింది.

కలప యార్డు ఈ ఉపరితలంలో అడవి ప్రవేశించే చోటు. గని పైకప్పు నిలిపేందుకు వాడిన దిమ్మెలు, దూలాలు చాలాకాలం కొయ్యవే. భూమిపై అడవి నరికి భూమి లోపల నిలబెట్టడం ఆ తవ్వకానికి అనివార్యమైంది. ఉక్కు ఊతలు, రూఫ్ బోల్టులు వచ్చిన తరువాత కలప వాడకం తగ్గింది. కాని ఇల్లెందు, టేకులపల్లి, కొత్తగూడెం అడవుల చరిత్రను అటవీశాఖ పత్రాలలో మాత్రమే వెదికితే అది సగమే దొరుకుతుంది. మిగిలిన సగం గని కలప ఖాతాలలో ఉంటుంది. కోయ గూడేల నుంచి అడవిపై హక్కు జారిపోయిన క్రమానికి, గని వాకిటిలో దుంగలు పేరిన క్రమానికి ఉన్న సంబంధం ప్రత్యేక పరిశోధనకు అర్హమైనది. టేకులపల్లి మండలంలో నేడు నడుస్తున్న ఓపెన్‌కాస్టు గని పేరు కోయగూడెం కావడం ఈ సంబంధానికి చివరి అక్షరాల సాక్ష్యం.

6. మైసమ్మ గుడి, గేటు మీటింగు

ముఖద్వారానికి దగ్గరలో చాలా గనుల దగ్గర చిన్న గుడి ఉంటుంది. అందులో ఉండేది ఎక్కువగా మైసమ్మ. దిగబోయే కార్మికుడు చెప్పులు విడిచి దండం పెట్టుకొని పోవడం సాధారణ దృశ్యం. కంపెనీ గనులకు పెట్టిన పేర్లలో వేంకటేశ్వరుడు, పద్మావతి ఉన్నారు. ముఖద్వారం కాపలాకు మాత్రం కార్మికులు మైసమ్మను పిలిచారు. తెలంగాణ గ్రామాలలో మైసమ్మ స్థానం చెరువుకట్ట. కట్టమైసమ్మ నీటిని కాస్తుంది, కట్ట తెగకుండా చూస్తుంది. ఆ దేవత గని నోటి దగ్గరికి రావడం, పైన చెప్పిన ‘బాయి’ అన్న పేరుతో చక్కగా పొసగుతుంది. గని ఒక బావి అయినప్పుడు, లోతును, నీటిని, కూలిపోయే గట్టును కాచే తల్లి దానికి తగిన దైవం. పేరు, దేవత రెండూ ఒకే అవగాహన నుంచి వచ్చాయన్నది ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదన.

గుడి తరువాత గేటు. కార్మికోద్యమానికి గేటు సభాస్థలం. షిఫ్టు మారే సమయంలో దిగేవారు, ఎక్కేవారు ఇద్దరూ కలిసే చోటు ఇదొక్కటే కావడం అందుకు కారణం. ‘గేట్ మీటింగు’ అన్న మాట అలా పుట్టింది. ఒక్కొక్క గనికి సంఘం తరఫున ఉండే బాధ్యుడు ‘పిట్ సెక్రటరీ’. నిజాం పాలన చివరి దశలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్, దేవూరి శేషగిరి వంటి నాయకుల కృషితో సింగరేణి కార్మిక సంఘం నిలదొక్కుకొంది. 1998లో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకొనే పద్ధతి మొదలైంది. 2023 డిసెంబరు 27న జరిగినవి ఆ వరుసలో ఇటీవలివి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పాల్గొన్నప్పుడు కూడా పనిని ఆపినది గేటు దగ్గరే. లోపల సమ్మె చేయడం సాధ్యం కాదు, దిగకపోవడమే సమ్మె. కనుక సమ్మె చరిత్ర అంతా ముఖద్వారం చరిత్రే.

7. పైన పని ఎవరిది?

గని పైభాగంలోని పనికి కార్మికుల వాడుకలో ‘సర్ఫేస్ డ్యూటీ’ అని పేరు. ఎవరు లోపల, ఎవరు పైన అన్న విభజన గనిలోని సామాజిక చిత్రాన్ని చూపుతుంది. 1952 చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలో నియమించడాన్ని నిషేధించింది. దానితో గనిలో స్త్రీకి మిగిలిన చోటు పైభాగం ఒక్కటే: ఊడ్చడం, మోయడం, క్యాంటీను, కార్యాలయం. 2019లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలతో భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షక పనులకు స్త్రీలను అనుమతించింది. అంటే స్త్రీలకు సంబంధించినంతవరకు ఈ ముఖద్వారం 67 ఏళ్ళు చట్టం మూసిన తలుపు.

లోపల పనికి శరీరం సహకరించనివారికీ పైభాగమే గతి. గాయపడి, జబ్బుపడి ‘అన్‌ఫిట్’ అయినవారి మాటలలో పైన పని ఊరటగానూ, భూగర్భ భత్యం పోయిన నష్టంగానూ రెండు విధాల వినిపిస్తుంది. బాయిమీద ఉన్న వాకిలిలో ఒకేసారి మూడు తరాలు కనిపిస్తాయి: దిగబోయే యువకుడు, దిగి ఎక్కుతున్న నడివయస్కుడు, ఇక దిగలేని పెద్దవాడు. 50 మందికి పైబడి ఉన్నచోట విశ్రాంతి షెడ్డు, 150 మందికి పైబడితే ప్రథమచికిత్స గది, 250 మందికి పైబడితే క్యాంటీను ఉండాలన్న నియమాల వల్ల ఈ మూడు తరాలు కూర్చొనే చోట్లు కూడా ఏర్పడ్డాయి. కార్మిక కథలు, పాటలు చేతులు మారినది ఈ షెడ్ల కిందనే.

8. సాహిత్యంలో ముఖద్వారం

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ మొదలైన రచయితల వల్ల బొగ్గుగని జీవితం తెలుగు కథా, నవలా సాహిత్యంలో స్థానం పొందింది. శేషగిరి జీవితం ఆధారంగా పి. చంద్ ‘శేషగిరి’ నవల రాశాడు. ఈ సాహిత్యంపై వచ్చిన విమర్శ సహజంగానే శ్రమదోపిడి, ఉద్యమం, ప్రమాదం అన్న మూడు అంశాల చుట్టూ సాగింది. స్థలదృష్టితో, అంటే పాత్రలు ఎక్కడ కలుస్తాయి, వార్త ఎక్కడ తెలుస్తుంది, నిర్ణయం ఎక్కడ జరుగుతుంది అన్న ప్రశ్నలతో చదివితే ఈ రచనలు మరొక విధంగా తెరుచుకొంటాయి. భూగర్భంలో మనిషి ఒంటరి, లేదా నలుగురైదుగురు. సమూహం ఏర్పడేది పైన. కథకు కావలసిన సంభాషణ, ఎదురుచూపు, ఘర్షణ పైననే సాధ్యం. గని లోపలి చీకటిని రాసిన రచయితకు కూడా కథను నడపడానికి బాయిమీద వెలుతురు అవసరమైంది. ఈ కోణంలో చేసే పునఃపఠనం గని సాహిత్య విమర్శకు కొత్త దారి కాగలదు.

9. ముఖద్వారం లేని గని

1970ల మధ్య నుంచి సింగరేణిలో ఓపెన్‌కాస్టు పద్ధతి వ్యాపించి, నేడు ఉత్పత్తిలో అధికభాగం దానినుంచే వస్తున్నది. ఇల్లెందు ప్రాంతంలో జె.కె.5, కోయగూడెం, కొత్తగూడెంలో గౌతమ్ ఖని, మణుగూరులో ప్రకాశం ఖని, సత్తుపల్లిలో జలగం వెంగళరావు పేరుమీది ఓపెన్‌కాస్టులు ఈ దశకు చెందినవి. ఓపెన్‌కాస్టులో దిగే నోరు లేదు. బొగ్గుపైనున్న నేల మొత్తాన్ని తొలగిస్తారు. పాత భూగర్భ గని ఉన్నచోటనే ఓపెన్‌కాస్టు వచ్చినప్పుడు ముఖద్వారం, లాంపు గది, గుడి, గేటు ఉన్న నేలే లేకుండా పోతుంది. మూతపడిన ఇంక్లయిన్ నోటికి గోడ కట్టవచ్చు. తవ్విపోసిన నేలకు గోడ కూడా మిగలదు.

దీనితో పదజాలం కూడా మారుతున్నది. డంపరు, షవెల్, బెంచీ, ఓబీ అన్నవి కొత్త మాటలు. ఓబీ అంటే బొగ్గుమీది మట్టి, దాన్ని పోసిన గుట్ట. ఒకప్పుడు బొగ్గుట్ట అన్న పేరు బొగ్గు ఉన్న గుట్టకు. ఇప్పుడు ఊరి పక్కన పెరుగుతున్నది బొగ్గు లేని మట్టి గుట్ట. ‘బాయిల దిగుడు’ అన్న మాటకు ఓపెన్‌కాస్టులో పనిచేసేవాడి అనుభవంలో ఆధారం లేదు. అయినా ‘బాయి’ అన్న పేరు ఇంకా వాడుకలో ఉంది. ఆధారం పోయిన తరువాత పేరు ఎంతకాలం నిలుస్తుందన్నది భాషాశాస్త్రానికి ఆసక్తికరమైన ప్రశ్న. ఆ పేరు తెలిసినవారు విశ్రాంత వయసుకు చేరుతున్నారన్నది మాత్రం ఆసక్తికి మించిన విషయం.

10. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, గని ఉపరితలం చట్టపరంగానూ అనుభవపరంగానూ గనిలో భాగమే. లెక్క, వెలుతురు, గాలి, దైవం, సంఘం అన్నీ ముఖద్వారం దగ్గర చేరి మనిషిని కార్మికుడిగా మార్చే క్రమం అక్కడ జరుగుతుంది. రెండు, అక్కడి పదజాలం కలగాపులగం కాదు. మనుషుల లెక్కకు ప్రధానంగా ఉర్దూ, యంత్రానికి ఇంగ్లీషు, శరీరానికి, భయానికి, దిగడానికి తెలుగు అన్న విభజన స్థూలంగా కనిపిస్తుంది. మస్టరు, తట్టా చెమ్మస్ వంటి మాటలు ఈ విభజన గట్టి గోడ కాదని చూపుతాయి. మూడు, బాయి అన్న పేరు, మైసమ్మ అన్న దైవం కలిసి, సేద్యపు సమాజం గనిని జలాశయపు అనుభవంతో అర్థం చేసుకొన్నదని సూచిస్తున్నాయి.

చేయవలసిన పని మూడు విధాలు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు ప్రాంతాల విశ్రాంత కార్మికుల నుంచి, వారిలో ఉపరితలంలో పనిచేసిన స్త్రీల నుంచి కూడా, గని పదజాలాన్ని వాడుక వాక్యాలతో సహా సేకరించి కోశంగా కూర్చడం మొదటిది. మూతపడే ప్రతి గనిలో ముఖద్వారం, లాంపు గది, గోడరాతలు, గుడి ఉన్న స్థితిని పటంతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయడం రెండోది. హాజరు పుస్తకాలు, దీపాల రిజిస్టర్లు పాత కాగితాల కింద అమ్ముడు పోకముందు వాటిని చారిత్రక పత్రాలుగా గుర్తించడం మూడోది. మొదటి పని తెలుగు శాఖలది. పదం చెప్పేవారు ఉన్నంతవరకే అది చేయగల పని. బొగ్గు పొర తరిగిన లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది, మాట తరిగిన లెక్క పెట్టుకోవలసినది మనమే.